సీతకు నోరిచ్చితిమి, నేల యిచ్చితిమా?

ఇప్పుడు మన పుస్తకశాలలలో నే యఱ చూచినను సీత మాటలాడుచున్నది. ద్రౌపది తన కథ తానే చెప్పుకొనుచున్నది. ఊర్మిళ నిద్ర మేల్కొన్నది. అహల్య రాతిరూపు విడిచి వాదించుచున్నది. మండోదరికి నొక నవల, గాంధారికి నొక నవల, శూర్పణఖకు నొక కథ. వీని యట్టలపై నచ్చువేయు పరిచయవాక్యము మాత్రము దాదాపుగా నొక్కటే: వేలయేండ్లుగా మూగయై యున్న స్త్రీకి ఈ గ్రంథము నోరిచ్చినదని. చదువుకొన్న కుటుంబములలో నీ పుస్తకములు చేతులు మాఱుచున్నవి. తల్లులు చదివి కూతుండ్ర కిచ్చుచున్నారు. సభలలో వీనిని గుఱించి ప్రసంగములు జరుగుచున్నవి. మేమును కొన్నియేండ్లు వీనిని చదివి యానందించినవారమే. ఇప్పుడు మాకొక సందేహము పుట్టినది. దానిని మర్యాదకొఱకు మ్రింగివేయుటకంటె నచ్చులో నుంచుటయే మేలని తలచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా సందేహమును విని పూర్వాచారపరులు సంబరపడ నక్కఱలేదు. పురాణకథలను ముట్టరాదనువారి పక్షమున మేము లేము. ముట్టనివా రెవ్వరు? వ్యాసుడు చెప్పిన శకుంతలను కాళిదాసు మార్చెను. వాల్మీకి భూమిలోనికి పంపిన సీతను భవభూతి తన నాటకమున రాముని చెంతకు మఱల చేర్చెను. మన ముత్తవ్వలు దంచుచు, విసరుచు పాడుకొన్న పాటలలో వాల్మీకి యెఱుగని రామాయణము నొకదానిని కట్టుకొనిరి. కథను మార్చు హక్కు ప్రతి తరమునకు గలదు. మార్చనిచో నా కథ యింతకాలము బ్రతికియే యుండదు. కాబట్టి మార్చవచ్చునా యనునది మా ప్రశ్న కాదు. మార్చిన పిదప ఆ స్త్రీ చేతికి వచ్చిన దేమి యనునదే మా ప్రశ్న.

ఈ గ్రంథములను మెచ్చుకొనువారు 'సాధికారత' యను మాటను విరివిగా వాడుచున్నారు. మంచి మాటయే. కాని దాని నడుమ 'అధికార' మున్నదని మఱవరాదు. అధికార మనగా మూడు సంగతులు: తన విషయమున తాను నిర్ణయించుకొనుట, ఆ నిర్ణయమును నిలుపుకొనుటకు కాలూనుకొను చోటు గలిగియుండుట, ఆ నిర్ణయమువలన తనచుట్టు నున్న లోకము కొంతయైనను కదలుట. ఈ మూటిలో నే యొక్కటియు లేక కేవలము నాలుగుపుటల స్వగతభాషణము మాత్రమే చేసిన నాయిక వాచాలురాలు కావచ్చును గాని యధికారముగలది కాజాలదు. ఈ కొలబద్దతో చూచినచో మన కాలపు పునఃకథనములలో పెక్కు తేలిపోవుచున్నవి. మా యారోపణములను వరుసగా మనవి చేసెదము.

మొదటి యారోపణము. ఈ స్త్రీలు మూగవారను మాటయే సత్యము కాదు. వాల్మీకి సీతను తెఱచి చూడుడు. అరణ్యమునకు నన్ను గొనిపోవనిచో నా తండ్రి పురుషరూపములో నున్న స్త్రీని అల్లునిగా చేసికొనెనని రామునితో ననినది ఆ సీతయే. తమతో వైరము లేని రాక్షసులను చంపుట తగదని, చేతనున్న యాయుధమే బుద్ధిని మార్చునని, కత్తి దాచుకొన్న తపసి కథ చెప్పి భర్తకు హెచ్చరిక చేసినది ఆ సీతయే. యుద్ధానంతరము తన్ను నిందించిన రామునితో, పామరుడు పామరస్త్రీతో మాటలాడినట్లు మాటలాడితివని యనినదియు నామెయే. ఇది మూగతనమా?

ద్రౌపదిని గుఱించి చెప్పనే యక్కఱలేదు. పిలువవచ్చిన సేవకుని వెనుకకు పంపి, ముందు తన్ను తా నోడెనా, నన్నోడెనా అని యామె యడిగించిన ప్రశ్నకు కురుసభలో సమాధానము చెప్పగలవాడు లేకపోయెను. ధర్మము సూక్ష్మమని భీష్ముడు తప్పించుకొనెను. వరములు కోరుమనగా మొదటిదానిచే ధర్మరాజును, రెండవదానిచే తక్కిన నలువురను దాస్యమునుండి విడిపించి, మూడవది తన కక్కఱలేదని త్రోసిపుచ్చెను. మునిగిపోవు పాండవులకు నీమె పడవ యయ్యెనని కర్ణుడే యనవలసివచ్చెను. వ్యాసుని శకుంతల వివాహమునకు ముందే తన కొడుకునకు రాజ్యము రావలెనని మాట తీసికొన్నది. రాజు బొంకినప్పుడు నిండుసభలో నూఱుమంది కొడుకులకంటె నొక్క సత్యము మేలని వాదించినది. ఆ వాద మెంత గట్టిదో నన్నయగారి ఆదిపర్వము చదివిన తెలుగువారికి వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఆమె నోటి పదును తగ్గించినది తరువాతి నాటకము. కాళిదాసు శాపమును, ఉంగరమును తెచ్చి రాజును నిర్దోషిని చేసెను; దానితో నామె వాదమునకు పనియే లేకపోయెను.

అహల్య విషయము మఱియు చిత్రము. వాల్మీకి బాలకాండమున నామె రాయి కాదు. బూడిదలో పరుండి, గాలి మేయుచు, కంటికి కనబడక యుండునట్లు శపింపబడినది. వచ్చినవాడు ఇంద్రుడని యెఱిగియే సమ్మతించినదని కవి నిర్మొగమాటముగా చెప్పెను. తరువాతివారు జాలిపడి యామెను మోసపోయినదానిగా చేసిరి. జాలిపడియే రాయినిగను చేసిరి. తప్పు తీసివేయుటతోపాటు బుద్ధిని, ఇచ్ఛను గూడ తీసివేసిరి.

అనగా జరిగిన దిది. మూలకథలో నోరుగల స్త్రీని వ్రతకథలు, భక్తికథలు, పాఠ్యపుస్తకములు, చలనచిత్రములు క్రమముగా మూగదానిని చేసినవి. నేటి గ్రంథకర్తలలో పెక్కురు ఆ మూగరూపమునే మూలమని నమ్మి, దానికి మాట నేర్పి, దాతలమని చెప్పుకొనుచున్నారు. పాతబాకీ తీర్చినవాడు దానము చేసితినని చాటుకొన్నట్లున్నది. ఇందులో నొక నష్టము గలదు. మన పూర్వుల కథలలో స్త్రీ యెన్నడును ఎదిరింపలేదను నమ్మకము దీనివలన గట్టిపడుచున్నది. ఎదిరించుట నిన్న మొన్న మనమిచ్చిన వరమనిపించుచున్నది. ఇంటిలో నెదురు చెప్పిన కోడలిని చూచి 'సీత యిట్లు మాటలాడెనా?' యని దెప్పు అత్తగారికి, 'ఆడినది, చదువుకొనుడు' అని చెప్పదగిన సమాధానమును మనమే పోగొట్టుకొనుచున్నాము.

రెండవ యారోపణము. నాయికకు మనసిచ్చితిమని చెప్పి వీరు ప్రేమకథ నిచ్చుచున్నారు. చిత్రా బెనర్జీ దివాకరుణి ఆంగ్లమున వ్రాసి 2008లో ప్రచురించిన 'ది పాలెస్ ఆఫ్ ఇల్యూషన్స్' నవలలో ద్రౌపది తన కథను తానే చెప్పును. ఆమె హృదయమున కర్ణునిపై దాచుకొన్న యనురాగము కథ పొడుగున నుండును. ఆ నవల చదువుటకు హాయిగా నుండుననుటలో సందేహము లేదు. కాని యోజింపుడు. భర్తకు భార్యను పణముగ నొడ్డు హక్కు గలదా యని సామ్రాజ్యమంతటిని నిలదీసిన స్త్రీ యామె. ఆ ప్రశ్న రాజనీతికి, ధర్మశాస్త్రమునకు సంబంధించినది. దాని ప్రక్కనే తీఱని వలపునొకదానిని నిలిపినచో చదువరి మనస్సు దేనివెంట పోవును? ఐదుగురిలో నెవ్వరును సరిపడలేదు, ఆఱవవాడు సరిపడియుండునేమో యని జాలిపడుట సులువు. సభలోని ప్రశ్నకు నేటికిని సమాధానము వెదకుట కష్టము. సులువైనదానిని చేతికిచ్చి కష్టమైనదానిని మఱపించుట స్త్రీకి చేసిన యుపకారమని మేమనుకొనలేము.

స్త్రీకి కోరిక యున్నదని చెప్పుటయే గొప్ప సంస్కరణమని కొంద ఱనుచున్నారు. ఆ పని మన ప్రబంధకవు లెన్నడో చేసిరి. మధుర నాయకరాజుల కాలపు సముఖము వేంకటకృష్ణప్ప నాయకుని 'అహల్యాసంక్రందనము'లో నహల్యకు కావలసినంత కోరిక గలదు. దానివలన నే యహల్యకైనను గౌతముని యింట స్థానము పెరిగెనా? పురుషుడు వ్రాసిన కోరిక పురుషుని వినోదమునకే చెల్లినది. స్త్రీయే స్వయముగ వ్రాసినప్పు డేమి జరిగినదో గూడ చెప్పవలెను. తంజావూరు ప్రతాపసింహుని యాస్థానమున ముద్దుపళని 'రాధికాసాంత్వనము' వ్రాసెను. దానిని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి యచ్చువేయించెను. మఱుసటియేడు ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ నిషేధము తొలగుటకు ముప్పదియేండ్లకు పైగా పట్టినది. నిషేధమునకు ముందే యా కవయిత్రిని తన కవులచరిత్రలో దూషించినవారు మఱెవ్వరో కారు, స్త్రీలకొఱకు జీవితము ధారపోసిన వీరేశలింగము పంతులుగారే. సంస్కర్తలమని చెప్పుకొను మనము ఈ సంగతిని దాచరాదు. స్త్రీ తానుగా మాటలాడినప్పుడు సహింపలేక, ఆమె తరఫున మనము మాటలాడినప్పుడు చప్పట్లు కొట్టుకొను గుణము మన వంశమున నుండియే వచ్చినది.

మూడవ యారోపణము. ఈ విమోచనము రాజభవనపు గడప దాటుట లేదు. సీత, ద్రౌపది, కుంతి, గాంధారి: వీరందఱు రాణులు. లక్కయింటిలో కుంతి పెట్టిన విందునకు వచ్చి, త్రాగి మైమఱచి నిద్రించి, యైదుగురు కొడుకులతో కాలి బూడిదయైన నిషాదస్త్రీకి భారతమున పేరైనను లేదు. ఆ యాఱు శవములను చూచియే కౌరవులు పాండవులు చచ్చిరని నమ్మిరి. కుంతికి గొంతిచ్చిన గ్రంథములలో నామె కన్యాత్వదుఃఖము, కర్ణుని విడిచిన దుఃఖము పుటలకొలది వచ్చును. ఈ యాఱు శవముల పద్దు వచ్చుట యరుదు. వంగదేశపు రచయిత్రి మహాశ్వేతాదేవి మాత్రము ఆ పద్దు తెఱచినది. ఆమె 'కుంతి ఓ నిషాది' కథలో వార్ధక్యమున నడవిలో నున్న కుంతి యెదుట నొక నిషాదస్త్రీ నిలిచి లెక్క యడుగును. అక్కడ కుంతికి సాధికారత చేకూరుట లేదు. కుంతి చేసిన యధికారప్రయోగమే విచారణకు వచ్చుచున్నది. గ్రీకు కథలోను నిట్లే పెనెలోపి యింటి పన్నెండుగురు దాసీలను ఉరిదీసిన సంగతి హోమరు కావ్యమున నొక చిన్న ఘట్టము. మార్గరెట్ ఆట్‌వుడ్ 2005లో వ్రాసిన 'పెనెలోపియడ్' ఆ దాసీలను విడువక తెచ్చి రాణి ప్రక్కనే పాడించినది. రాణి కథను మార్చి వ్రాయువారు దాసి యెక్కడ నున్నదో చూపనిచో, వారు స్త్రీజాతికి గాక యొక యింటి స్త్రీలకు మాత్రమే వకాల్తా పుచ్చుకొన్నవారగుదురు.

ఇంతవఱకు నిందించితిమి. న్యాయముగ చేసినవారిని గూడ చెప్పనిచో మా వాదము సగమే యగును.

మన తెలుగున ఓల్గా వ్రాసిన 'విముక్త' కథలసంపుటము 2010లో వచ్చినది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము నందినది. దానిని మేము పై పుస్తకములతో గలిపి కట్టివేయము. అందు రామాయణపు సంఘటన లేవియు మాఱవు. సీత యడవికి పోకతప్పదు. కాని యామె త్రోవలో నొక్కొక్క స్త్రీ యెదురగును. ముక్కు చెవులు కోల్పోయిన శూర్పణఖ తోట పెంచుకొని దాని యందమున బ్రతుకుచున్నది. అహల్య విచారణకు తలయొగ్గవలదని బోధించును. రేణుక యున్నది, తలుపు మూసికొని పదునాలుగేండ్లు అధికారమును గూర్చి యోజించిన యూర్మిళ యున్నది. చివరకు రాముడును బంధితుడే యని చూపు కథ యున్నది. దీనిలో మమ్ము కదిలించినది సీత మాటలు కావు, శూర్పణఖ తోట. చేతితో చేసికొన్న పని, కాలూనుకొన్న మట్టి, పలుకరించు తోడి స్త్రీ: ఈ మూడు నున్నచోట మాటకు బరువు వచ్చినది. సీతకు శూర్పణఖ శత్రువని రాజులు చెప్పిరి. ఆ మాట నమ్మక సీత యా తోటకు నడచిపోవుటయే యొక నిర్ణయము.

రంగనాయకమ్మగారు 1970ల దశకమున 'రామాయణ విషవృక్షము' వ్రాసి వేఱొక దారి పట్టిరి. ఆమె పద్ధతితో కొందఱు సమ్మతింపకపోవచ్చును. కాని సీతకు నగిషీ పెట్టుటతో నామె తృప్తిపడలేదు; ఏ యేర్పాటు సీతను నిస్సహాయురాలిని చేసినదో దానినే వేళ్లతో పెకలించి చూపెను. ఇదియు నిజాయితీగల పనియే.

ఈ యిద్దఱికంటె ముందు మన పాటలున్నవి. 'ఊర్మిళాదేవి నిద్ర' పాటలో పదునాలుగేండ్ల పిదప వచ్చిన లక్ష్మణుని ఊర్మిళ గుర్తింపదు. పరాయి మగవాడనుకొని చీవాట్లు పెట్టును. సేవకై విడిచిపోయిన భర్త ఇంటికి వచ్చునప్పటికి పరాయివాడగునని చెప్పుట కింతకంటె చక్కని తీరు గలదా? మఱియొక పాటలో శూర్పణఖ మాఱువేషమున వచ్చి రావణుని పటము గీయుమని సీతను కోరును. సీత తాను చూచినది వాని కాలివ్రేలు మాత్రమే యనును. ఆ పటమే యామె యడవిపాలగుటకు కారణమగును. అప్పు డంతఃపురస్త్రీలు సీత పక్షమున మాటలాడుదురు. వెల్చేరు నారాయణరావుగారు ఈ పాటలను గూర్చి 1991లో వ్రాసిన వ్యాసమున నివి స్త్రీలు తమకొఱకు తాము కట్టుకొన్న రామాయణమని నిరూపించిరి. ఈ పాటలు పాడిన స్త్రీలు సీతకు నోరిచ్చితిమని యెన్నడును చెప్పుకొనలేదు. తమ యింటి సంగతినే సీత పేరిట చెప్పుకొనిరి. వారికి తెలిసినది, మనకు తెలియనిది ఈ యొక్కటే: కథ సీతకొఱకు కాదు, పాడు స్త్రీకొఱకు.

ఇక నసలు మాటకు వచ్చెదము. సీత యను శబ్దమునకు నాగటిచాలని యర్థము. నాగటిచాలున పుట్టి, భూమిలో గలిసిపోయిన యా స్త్రీకి నడుమ బ్రతికిన దినములలో నొక సెంటు నేలయు తనదని చెప్పుకొనుటకు లేదు. తండ్రి రాజ్యము తండ్రిది, మామ రాజ్యము మగనిది. తనకున్న యాస్తి యొక నగలమూట. దానిని రావణుడెత్తుకొనిపోవునపుడు ఋశ్యమూకముపై నున్న వానరుల నడుమ విడిచి యానవాలు చేసెను. లోకము నిందించినప్పు డామె నిలుచుటకు చోటేది? అడవిలో ముని దయ. ఆశ్రమమున నిలువనీడ దొరకినది గాన బ్రతికినది. నోరు లేకకాదు సీత యోడినది, నేల లేక. మన కాలపు పునఃకథనములలో సీత రాముని పదిరెట్లు గట్టిగా ప్రశ్నించును. ఆ పైని సాయంకాల మెక్కడ తలదాచుకొనునో చెప్పువారు మాత్రము తక్కువ.

దీనిని మే మూరక యనుట లేదు. కొన్నియేండ్ల క్రిందట మా బంధువుల యింట నొక వివాహము జరిగినది. విద్యావంతుల కుటుంబము. వచ్చిన యతిథులకు తాంబూలముతోపాటు సీత తన కథ చెప్పుకొను పుస్తక మొక్కొక్క ప్రతి పంచిపెట్టిరి. అందఱును మెచ్చుకొనిరి, మేము మఱింత మెచ్చుకొంటిమి. ఆ మఱుసటి మాసమున నా యింటి పెద్దకూతురు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునకు వచ్చి, తండ్రి పొలములో తన వాటాను సోదరులకు విడుదల చేయుచు దస్తావేజుపై సంతకము చేసినది. పుట్టినింటి రాకపోకలు చెడగొట్టుకొనుట యెందుకని యామె తల్లి చెప్పినదట. పసుపుకుంకుమల క్రింద పెట్టవలసినది పెట్టితిమని సోదరులు చెప్పిరట. ఆ దస్తావేజుపై సాక్షిగా సంతకము చేసినవారము మేమే. ఇష్టపూర్వకముగ వ్రాసియిచ్చినదని పత్రములో నున్నది. సంతకము చేయునపు డామె మాటలాడలేదు. మేమును మాటలాడలేదు. ఆమె చేతిసంచిలో నా పుస్తకము గలదు. కార్యాలయమున వంతుకొఱకు కూర్చుండిన రెండు గంటలు దానిని చదువుకొన్నదని పిదప చెప్పినది. బాగున్నదా యని మే మడిగితిమి. 'చాల బాగున్నది, ఏడుపు వచ్చిన' దనెను.

ఆ పుస్తకము చేసిన తప్పేమని మీ రడుగవచ్చును. తప్పు పుస్తకముది కాదు, మాది. కాని యా పుస్తక మామెకు కన్నీ రిచ్చినంత సులువుగ కలము పట్టిన చేతిని వెనుకకు తీయు బలము నీయలేదు. పైగా మాకందఱికి స్త్రీపక్షపాతులమను సంతృప్తి నిచ్చినది. ఆ సంతృప్తియే మమ్ము సాక్షిసంతకము చేయనిచ్చినది. పుస్తకము పంచినవారమని మేము నిశ్చింతగా నుంటిమి. ఇదియే మా భయము. సీతకొఱకు చదువుచు కార్చిన కన్నీరు ఇంటిలోని సీతకు చెల్లించవలసిన బాకీకి రసీదుగ చెలామణి యగుచున్నది.

చరిత్రలో నొక వింత గలదు. 1963లో విడుదలయైన 'లవకుశ' చిత్రమున నందమూరి తారక రామారావు రాముడై సీత నడవికి పంపెను. అంజలీదేవి సీతయై తెలుగుదేశము నంతటిని ఏడిపించెను. ఆ రాముని వేషధారియే పిదప ముఖ్యమంత్రియై, అవివాహితయగు కూతునకు ఉమ్మడికుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానమగు హక్కు గలదని హిందూ వారసత్వ చట్టమునకు ఆంధ్రప్రదేశమున సవరణ చేయించెను. 1986 నాటి యా చట్టము 1985 సెప్టెంబరు 5నుండి యమలైనది. కేంద్ర ప్రభుత్వము దేశమంతటికి నట్టి సవరణ చేయుటకు 2005 వఱకు పట్టినది. అది పెండ్లియైన కూతురును గూడ విడువలేదు. ఆ చట్టము లేవియు నే సీతకును నోరీయలేదు. నేల నిచ్చినవి. వచ్చిన నేలను దస్తావేజుల మీదుగ మఱల వెనుకకు లాగికొనుచున్నవారము పుస్తకములు పంచు మనము.

సాహిత్యము వేఱు, చట్టము వేఱు. కథ యెకరములు పంచిపెట్టునా యని యడుగువా రుందురు. నిజమే, పంచిపెట్టదు. మనసు మాఱినగాని మనుగడ మాఱదు, మనసును మార్చునది కథయే యని మఱికొంద ఱందురు. ఆ మాటను మేము నిండుగ నొప్పుకొందుము. ఒప్పుకొనకున్నచో నీ పత్రికలో వ్యాసము వ్రాయుట యెందుకు? కాని మాఱిన మనసున కొక గుర్తుండవలెను. ఇంటి పద్దుపుస్తకమునకు చేరని మార్పు మార్పు కాదు, మనోవినోదము. మఱియు నొకమాట. సాధికారత యను పెద్దమాటను ముందు వాడినవారు మేము కాము. కథ కేవలము కథ యనువారితో మాకు తగవు లేదు. శక్తి నిచ్చితిమని ప్రకటించి వెల పుచ్చుకొన్నవారిని, ఆ శక్తి యెక్కడ నున్నదో చూపుడని యడుగుట న్యాయమే గదా.

కావున చదువరులారా, ఇకమీద నిట్టి పుస్తకము మీ చేతికి వచ్చినపుడు దానిని మూడు ప్రశ్న లడుగుడని మా మనవి. ఈ స్త్రీ మూలకథలో ననిన దేమి, ఆ మాటను గ్రంథకర్త పెంచెనా, తగ్గించెనా? ఆమె తీసికొన్న నిర్ణయమును నిలుపుకొనుటకు నామె కాలిక్రింద నేమున్నది: పని యున్నదా, మట్టి యున్నదా, తోడున్నదా? ఆమె మేడ కట్టబడుటకు కాలిపోయిన నిషాదస్త్రీ యీ కథలో నెక్కడ నున్నది? ఈ మూటికి సమాధానము చెప్పగల పుస్తకమును కొనుడు, చదువుడు, కూతుండ్రకు కానుకగ నిండు. చెప్పలేనిదానిని ప్రయాణమున ప్రొద్దుపుచ్చుటకు చదువుకొన్నను దోషము లేదు. దానిని సంస్కరణమని మాత్రము పిలువకుడు.

నాల్గవ ప్రశ్న పుస్తకమునకు కాదు, మనకు. ఆ పుస్తకమును మూసిన పిదప మన యింటి బీరువా తెఱచి, అందున్న దస్తావేజులలో మన యాడుబిడ్డల పేర్లెక్కడ నున్నవో, ఎక్కడ కొట్టివేయబడినవో చదువుదమా? ఆ కాగితములు కూడ పునఃకథనములే. వానిని వ్రాసినవారము మనమే, సాక్షులము మనమే. మే మా మఱునాడే పోయి మా సంతకమును వెనుకకు తీసికొనజాలకపోతిమి. కాని మా యింట నున్న యిద్దఱు కూతుండ్ర పేర మా తండ్రిగారి పొలములో వారి వాటాను ఈ యేడు వ్రాయించి పట్టాలు చేతికిచ్చితిమి. చిన్నది యా కాగితమును చూచి, 'దీనిలో కథ యేమున్నది?' యని నవ్వినది. సీత కథలో లేనిది యిందులో నున్నదని చెప్పితిమి.